పెద్దన్న పట్టిన గోల్

ఆ రోజుల్లో అమెరికాలో ఎమ్మెస్ చదివే తెలుగు కుర్రాళ్ళకి ఆట అంటే క్రికెట్ ఒక్కటే. మిగతావన్నీ వ్యాయామం కిందికి వచ్చేవి. నార్త్ కరోలినాలో మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్‌లో శనివారం పొద్దున్నే టెన్నిస్ బంతికి టేపు చుట్టి మొదలుపెడితే, ఎవరిదో ఒకరి కారు అద్దం పగిలేదాకా ఆడేవాళ్ళం. (పగిలిన కారు ఎప్పుడూ మాలోనే ఒకడిది కావడం దేవుడి దయ.) అలాంటి మేం ఒక ఏడాది ఒక దేశపు ఫుట్‌బాల్ జట్టుగా బరిలోకి దిగామంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. ఆ దేశం మనది కాదంటే అసలే నమ్మదు.

ఆ దేశం పేరు రాయను. రాస్తే మీరు మ్యాప్‌లో వెతుకుతారు, దొరక్క నన్ను అనుమానిస్తారు. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఎక్కడో చిన్న చుక్క. అక్కణ్ణుంచి మా యూనివర్సిటీకి వచ్చినవాడు ఒకే ఒక్కడు. అద్దె కలిసొస్తుందని మా హాల్లో పరుపు వేసుకుని చేరాడు. అసలు పేరుకి మా నాలుకలు తిరగక 'దీవి' అని పిలిచేవాళ్ళం. అర్థం చెబితే మురిసిపోయాడు. నెల తిరక్కుండానే ఆవకాయ అన్నం తిని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వడ్డించుకునేంత ఎదిగాడు.

దీవి వాళ్ళ నాన్న ఆ దేశపు మొట్టమొదటి జట్టుకి గోల్‌కీపర్. ఉద్యోగం మాత్రం పడవల రేవులో. విమానాలు దిగే రన్‌వేనే వాళ్ళ గ్రౌండ్ కూడా. విమానం వస్తే ఆటగాళ్ళందరూ పక్కకి జరిగి, దిగినవాళ్ళకి చేతులూపి, మళ్ళీ ఆడుకునేవారట. చెప్పుల్లేకుండా ఆడి పెరిగినవాళ్ళు మొదటిసారి పరాయి దేశం వెళ్ళినప్పుడు అరువు బూట్లు వేసుకున్నారు. అవి కరిచి సగం ఆటలో సగం జట్టు వాటిని విప్పేసింది. ఎన్ని గోల్స్ తిన్నారని అడిగితే దీవి కిటికీ బయటికి చూసేవాడు. ఆ తర్వాత ఏడాదికేడాది ఆ సంఖ్య తగ్గుతూ వచ్చిందట. చివరికి ఒక మ్యాచ్‌లో పదికి లోపు గోల్స్‌తో ఓడిపోయి వస్తే దేశమంతా రేవుకి వచ్చి దండలు వేసింది, బడులకి సెలవిచ్చారు. "ప్రోగ్రెస్" అనేవాడు దీవి, ముఖంలో ఒక్క నవ్వు గీత లేకుండా. మేం మాత్రం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఇంత చరిత్రలోనూ పరాయి గడ్డ మీద వాళ్ళు ఒక్క గోల్ కూడా వేయలేదు. మనవాళ్ళు ఒక్కటి వేస్తే చూసి పోతానని వాళ్ళ నాన్న అనేవాడట. ఆ ఏడు ఆయన కిడ్నీలు పాడై పక్క దేశంలో ఆసుపత్రిలో చేరాడు. వెళ్ళాలంటే మూడు విమానాలు మారాలి, సెమిస్టర్ పోతుంది, మళ్ళీ వీసా వస్తుందో రాదో తెలియదు. పైగా చదువు మధ్యలో వదిలి వస్తే తన ముఖం చూడొద్దని ఆయనే ఒట్టు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ డేకి ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. దేశానికో జట్టు. కెప్టెన్ ఆ దేశం వాడైతే చాలు, మనుషులు చాలకపోతే బయటివాళ్ళని కలుపుకోవచ్చు. ఇండియా జట్టు కేరళ, బెంగాల్ కుర్రాళ్ళతో ఎప్పుడో నిండిపోయింది. మమ్మల్నీ పిలిచారనుకోండి, నీళ్ళ బాటిళ్ళు మోయడానికి. ఆ సాయంత్రం దీవి అన్నం తింటూ తింటూ ఆగి, మా అందరి వైపూ చూసి, "నాన్నకి ఫోన్‌లో చెప్పడానికి నాకు ఒక్క గోల్ కావాలి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో ఏ విషయంలోనైనా ఆఖరి మాట పెద్దన్నది. వరంగల్ మనిషి, మా అందరికన్నా వయసులో పెద్ద, వంటలో ఆరితేరినవాడు, కాలేజీ రోజుల్లో బౌండరీ దగ్గర క్యాచ్ వదలనివాడని పేరు. "గంతేనా? ఒక్కటే కదా, కొడదాం తియ్" అన్నాడు.

తలపడింది కొరియా విద్యార్థులతో. ముందు జాతీయ గీతాలు. దీవి గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒక్కడే పాడాడు, మేం పదిమందిమి భక్తిగా పెదాలు కదిపాం. ఆ తర్వాత జరిగింది వివరంగా చెప్పను. మొదటి సగం అయ్యేసరికే ఆ దేశం ఇన్నేళ్ళుగా కష్టపడి సాధించిన ప్రోగ్రెస్‌ని మేం మొదటికి తెచ్చేశాం. నాన్నలాగే గోల్‌లో నిలబడ్డ దీవి మాత్రం ప్రతిసారీ వలలోంచి బంతి తీసి, మమ్మల్ని ఒక్క మాటా అనకుండా మళ్ళీ తన్నేవాడు. పెద్దన్నకి ఆయాసం వచ్చి, వెనక్కి పరిగెత్తే ఓపిక లేక, అవతలివాళ్ళ గోల్ పక్కనే మకాం పెట్టాడు. అక్కడ కాపు కాయకూడదు, ఆఫ్‌సైడ్ అని చెప్పీ చెప్పీ రెఫరీయే విసుగెత్తిపోయాడు.

ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా దీవి ఒంట్లో బలమంతా కూడదీసుకుని ఒక తన్ను తన్నాడు. వెనక నుంచి గాలి వీచింది. చేయడానికి పనేమీ లేక కొరియా గోల్‌కీపర్ చాలా ముందుకి వచ్చి కబుర్లాడుతున్నాడు. బంతి అతని తల మీదుగా వెళ్ళి, ఖాళీ గోల్‌లోకి నెమ్మదిగా దిగుతోంది. నా నోటికి చిన్నప్పటి క్రికెట్ అలవాటే వచ్చింది. "అన్నా, నీదే!" అని అరిచాను.

పెద్దన్న రెండడుగులు పరిగెత్తాడు, గాల్లోకి ఎగిరాడు, గోల్ గీత మీద ఆ బంతిని రెండు చేతులతో పట్టుకుని, దొర్లి, లేచి, పైకి విసిరాడు. నా జన్మలో అంత అందమైన క్యాచ్ చూడలేదు. మేం తొమ్మిదిమందిమీ పరిగెత్తుకెళ్ళి ఆయన్ని కావలించుకుని భుజాల మీదికి ఎత్తుకున్నాం. భుజాల మీదున్న పెద్దన్నే ముందు చూశాడు, అవతలి చివర దీవి రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడి ఉండటం. "దించుర్రి" అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం కాలింగ్ కార్డుతో దీవి నాన్నకి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. మేం చుట్టూ తలలు దించుకుని కూర్చున్నాం. వాళ్ళ భాషలో చాలాసేపు చెప్పాడు. అవతలి నుంచి వినిపించింది దగ్గు అనుకున్నాం, కాదు, నవ్వు. ఆ ముసలాయన ఎంత నవ్వాడంటే నర్సు వచ్చి ఏమైందని అడగడం మాకు వినిపించింది. ఆ పట్టుకున్నవాడు ఎవరో పిలవమన్నాడు. పెద్దన్న ఫోన్ దగ్గరికి జరిగి సారీ అంకుల్ అంటూనే ఉన్నాడు. ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, "నీ చేతులు మంచివి. నా జట్టులో నిన్ను గోల్‌లో నిలబెట్టేవాణ్ణి" అన్నాడు.

ఆ నెలలోనే ఆయన పోయాడు. మూడు విమానాలు మారి దీవి చేరేసరికి అన్నీ అయిపోతాయని ఇంటి నుంచి వద్దన్నారు. రోజంతా హాల్లో పరుపు మీద గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఏం చెప్పి ఓదార్చాలో తెలిసే వయసు కాదు మాది. పెద్దన్న వండిన అన్నం అలాగే ఉండిపోయింది. సాయంత్రం ఆయన బంతి తీసుకుని దీవి దగ్గరికి వచ్చి "నడువ్, పోదాం" అన్నాడు.

గ్రౌండ్‌లో మేం తప్ప ఎవరూ లేరు. దీవిని ఆ చివర నిలబెట్టి, పెద్దన్న ఈ చివర అదే గోల్ పక్కన నిలబడ్డాడు. తన చేతుల మీద నమ్మకం లేక వాటిని వెనక్కి పెట్టి, తువ్వాలుతో గట్టిగా కట్టమని నాకు చెప్పాడు. దీవి తన్నాడు. బంతి గ్రౌండ్ సగం కూడా రాలేదు. మేం తెచ్చిస్తున్నాం, అతను తన్నుతున్నాడు. ఆ రోజు గాలి లేదు, అతనిలో బలమూ లేదు. పొద్దు వాలేదాకా ఒక్క బంతీ పెద్దన్న దాకా రాలేదు. ఆఖరికి దీవి ఉన్నచోటే కూలబడి, పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాడు. ఎప్పుడూ పరిగెత్తని పెద్దన్న చేతులు వెనక్కి కట్టుకునే ఆ చివరిదాకా పరిగెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు కానీ, పట్టుకోవడానికి చేతుల్లేవు. నుదురు అతని భుజానికి ఆనించి, వెనకే పరిగెత్తుకొచ్చిన నాతో "కట్టు విప్పు తమ్మీ, జల్ది" అన్నాడు. నా కళ్ళకి ముడి కనపడలేదు.

తర్వాత అందరం తలో దిక్కూ అయ్యాం. దీవి తన దేశం వెళ్ళి బడిపంతులయ్యాడు. పెద్దన్న నార్త్ కరోలినాలోనే క్యారీ అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. కూతురు ఫుట్‌బాల్ ఆడుతుంటే గ్రౌండ్ గీత బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. ఎంత మర్యాదస్తుడో అని మిగతా తల్లిదండ్రులు అనుకుంటారట. నేను ఎడిసన్ అనే ఊరి నుంచి రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఒక పొద్దున ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా దీవి ఈమెయిల్ వచ్చింది. వాళ్ళ జట్టు పరాయి దేశంలో మళ్ళీ ఓడిపోయింది, కానీ ఒక గోల్ వేసింది. వెంటనే పెద్దన్నకి ఫోన్ చేశాను.

"మొత్తానికి తొలి గోల్ పడ్డది" అన్నాడు.

"తొలిది కాదన్నా, రెండోది. తొలిది నీ చేతుల్లో పడింది" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు సగంలో తెగింది. "ముసలాయన ఉంటే బాగుండు రా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేను ఒక్కణ్ణే నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. పక్కనున్న అమెరికన్ పెద్దాయన ఫోన్ మాటల్లో గోల్ అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నట్టున్నాడు, ఎవరు గెలిచారని అడిగాడు. నీళ్ళ బాటిళ్ళు మోయడానికి తప్ప పనికిరాని ఆ పాత కుర్రాడే నాలోంచి జవాబు చెప్పాడు.

"మేం ఓడిపోయాం."