మరియమ్మత్త తిరగేసిన కాయ

దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. చర్చి పక్కింట్లో పుట్టి, సమాధుల దొడ్డిలోంచి బడికి నడిచినవాణ్ణి. నాకు తెలిసిన దయ్యం ఒక్కటే, అది సీసాలో ఉండేది. దాన్ని వదిలించుకోవడానికి గుంటూరులో మందు మాన్పించే ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. కాబట్టి ఇది చదివి "వీడు మళ్ళీ మొదలెట్టాడు" అనుకోకండి. నేను చెప్పబోయే రోజున నా కడుపులో ఉన్నది మజ్జిగన్నం, ఆవకాయ ముక్క.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. పొలం కౌలుకు తీసుకుని మిరప వేస్తాం. కోసిన కాయను కల్లంలో పరిచి ఎండబెడతాం. పైకాయ ఎండితే చాలదు, అడుగుకాయ కూడా పైకి రావాలి. అందుకని కాళ్ళు ఈడ్చుకుంటూ కాయలో నడుస్తాం. నడిచినంత మేరా సాలు పడుతుంది.

ఈ పనికి మా ఊళ్ళో పెట్టింది పేరు మా మేనత్త మరియమ్మ. చిన్నప్పటి నుంచీ ఆమెకు కుడికాలు సరిగా లేచేది కాదు. ఆమె నడిస్తే ఎడమ సాలు పైపైన, కుడి సాలు లోతుగా పడేది. దూరం నుంచి చూసి కూడా ఇది మరియమ్మ తిరగేసిన కాయ అని చెప్పేసేవాళ్ళు. నేను తాగి కల్లంలో నడిస్తే మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వేది. "ఏరా అల్లుడూ, సాలు తీశావా, పాము పోయిందా?"

నవ్వులాటతో పోతే బాగుండేది. ఒక ఏడాది వాన కురిసిన పూట నేను ఒళ్ళు తెలియకుండా గట్టున పడి ఉన్నాను. నా భార్య సువార్త ఒక్కతే కాయ మీదికి టార్పాలిన్ పట్టాలు లాగలేక ఏడ్చింది. కాయంతా తడిసి, రంగు పోయి తాలు అయిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే కౌలూ ఉండదు, కాపురమూ ఉండదని అందరికీ అర్థమైంది.

నన్ను ఆసుపత్రికి బస్సెక్కించడానికి అత్త కూడా వచ్చింది. "నువ్వు బాగుపడి రారా. నీ కాయ నేను తిరగేస్తాగా," అంది. నేను ఆసుపత్రిలో ఉండగానే అత్త గుండె ఆగి చనిపోయింది. తిరిగొచ్చాక ఆమె సమాధి దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆ ఏడాది కాయ బాగా పండింది. ఒక మిట్టమధ్యాహ్నం సువార్త, కూలీలు అన్నాలకని కాలవ గట్టుకు వెళ్ళారు. కల్లం దగ్గర నేనొక్కణ్ణే. దాహం కాదు, ఒంటరి గంటే ప్రమాదమని ఆసుపత్రిలో కౌన్సెలర్ గారు చెప్పేవారు. సరిగ్గా ఆ గంట వచ్చింది.

మా వైపు మగవాళ్ళకు ఒక అలవాటుంది. పట్టా కప్పిన మిరపకుప్పను సాయంత్రం దాకా ఎవరూ కదపరు గనక సీసా అందులో దాస్తారు. పక్క కల్లం ఏసోబు పొద్దున మా కుప్పలో చెయ్యి పెట్టడం నేను చూశాను. నేనూ పెట్టాను. దొరికింది. మూత తిప్పాను. వాసన తగలగానే నోట్లో నీళ్ళూరాయి. అబద్ధమెందుకు, అప్పుడు నాకు పెళ్ళాం గుర్తుకు రాలేదు, పిల్లలూ రాలేదు.

వెనక గలగలమంది. ఎండిన కాయలో గింజ కదిలితే వచ్చే చప్పుడు. ఎవరో కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. సువార్తేననుకుని సీసా దాచుకుని తిరిగాను.

ఎవరూ లేరు. గాలి లేదు, కుక్క కూడా లేదు. కాయలో మాత్రం కొత్త సాళ్ళున్నాయి. పొద్దున మేం నిలువుగా తిరగేశాం, ఇవి అడ్డంగా ఉన్నాయి. ఎడమది పైపైన, కుడిది లోతుగా. నా కాళ్ళ దగ్గర మొదలై, మడిచి పెట్టిన పట్టాల దగ్గర ఆగాయి.

సీసా చేత్తో పట్టుకునే ఆ సాళ్ళ వెంట నడిచాను. పట్టాల దగ్గర నిలబడి తలెత్తితే, ఇంతసేపూ కుప్ప చాటున కనపడని పడమటి దిక్కున, పత్తి చేల మీద నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది.

పట్టా ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. సీసా కింద పెట్టేశాను.

"సువార్తా! వానే! తొందరగా రండే!" అని అరిచాను. అందరూ పరిగెత్తుకొచ్చారు. కూలీల్లో ఒక ముసలామె ఆ సాళ్ళు చూసి ఆగిపోయింది. "ఇదేందయ్యా, మరియమ్మ తొక్కినట్టుంది?" అంది. మా కాయ కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, ఏసోబు కల్లానికి ఉరికాం. వాడిది కూడా కప్పేసరికి వాన దంచికొట్టింది. రెండు కల్లాల్లోనూ గుప్పెడు కాయ తడవలేదు.

ఏసోబు మా కల్లంలో మూత లేని తన సీసా చూశాడు. వాన నీళ్ళతో పొర్లిపోతోంది. "ఒరేయ్, ఎవడ్రా ఇన్ని నీళ్ళు కలిపింది?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. సువార్త నవ్వలేదు. దగ్గరికొచ్చి, పాత అలవాటు ప్రకారం, నా నోరు వాసన చూసింది. మజ్జిగ వాసన. తడిసిన కొంగుతో నా మొహం తుడిచి, అప్పుడు నవ్వింది.

ఆ తర్వాత నేను ముట్టలేదు. ఆసుపత్రి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పుడు మధ్యాహ్నాలు నా కల్లానికి వస్తారు. ఒంటరి గంట కలిసి గడుపుతాం.

ఆ సాళ్ళు ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎండదెబ్బ అన్నారు, మనసు భ్రమ అన్నారు. మరి ఆ ముసలామె ఏం చూసినట్టు? నేను వెతకడం మానేశాను.

ఈ ఏడాది కాయ తిరగేసి గట్టెక్కి చూశాను. నా సాళ్ళు దారం పట్టి గీసినట్టున్నాయి. చుట్టూ మనుషులున్నా సిగ్గుపడకుండా గట్టిగానే అన్నాను.

"చూడత్తా. పాము కాదు, సాలే."