పచ్చగా వెలిగిన సున్నా

కరీమున్ చిన్నప్పటి నుంచీ ఇంట్లో మాటలు మోసేది. నాన్న దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉండేవాడు. ఆయనకు చేసిన ఫోన్ ఎవరూ ఎత్తక మోగీ మోగీ ఆగిపోతే, పొయ్యి దగ్గరున్న అమ్మతో "బాగానే ఉన్నాడంట" అనేది. ఆ మాట కప్పుకుని ఇల్లు నిద్రపోయేది.

ఇప్పుడామె గుంటూరులో ప్రోగ్రాములు రాస్తోంది. ఊరి శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆమెకు పని ఇచ్చింది. అక్కడ చలి పుట్టించే గొట్టాల్లో అమ్మోనియా పారుతుంది. అది కారితే ఊపిరి ఆడదు. కారడాన్ని పసిగట్టే మీటర్ పాతది, అంకె చూపించే తెర కొత్తది. ఒకదాని భాష మరొకదానికి రాదు. రెండింటినీ ముట్టుకోకుండా, నడుమ ఆమె ఒక క్లాస్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, రాసింది. అడాప్టర్ అంటారు దాన్ని. తెర తనకు తెలిసిన తీరులో "ఎంత?" అని అడుగుతుంది. అడాప్టర్ ఆ ప్రశ్నను మీటర్‌కు అర్థమయ్యేలా మార్చి అడిగి, జవాబును తెరకు నప్పేలా మలిచి అందిస్తుంది.

గదుల నుంచి మీటర్‌కు వచ్చే రాగి తీగ తెగితే అది మైనస్ ఒకటి పంపుతుంది. సున్నాకు తక్కువ అంకె వస్తే తెర ఆగిపోతుంది. అందుకని కరీమున్ ఒక లైను చేర్చింది: సున్నా కంటే తక్కువ వస్తే సున్నా ఇవ్వు. అంతా క్షేమమన్నట్టు తెర పచ్చగా వెలిగింది.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆమె అక్కడికి వెళ్లింది. మిషన్లు చూసుకునే జక్రయ్య ఎదురొచ్చాడు.

"అమ్మాయ్, మూడో గదిలో కళ్లు మండుతున్నాయంటున్నారు బస్తాలు మోసే ముఠావాళ్లు."

"మిరపకాయల మధ్య మండక చల్లగా ఉంటాయా బాబాయ్?"

"నేనూ అదే అన్నా. ఇరవయ్యేళ్లుగా దగ్గుతూనే ఉన్నా, నేను పోయానా? పైగా నీ తెర సున్నా అంటోంది. నిన్నట్నుంచీ కదల్లేదు, బంగారం!"

కరీమున్ నవ్వు ఆగిపోయింది. మొన్నటిదాకా ఆ అంకె ఒకటికీ రెండుకీ మధ్య దీపంలా ఊగేది. ఊగడం మానేసిందంటే తీగ తెగింది; మీటర్ పంపే మైనస్ ఒకటిని తను రాసిన లైనే సున్నా చేసి చూపిస్తోంది. కారుతున్న అమ్మోనియా ముందుగా రాగి తీగనే తినేసింది.

"అందర్నీ బయటికి రమ్మను బాబాయ్! పరిగెత్తు!"

బస్తాలు పడేసి, కండువాలు ముక్కులకు అదుముకుని ఏడుగురు వచ్చారు. తెర ఇంకా పచ్చగానే ఉంది. ఆఖరున ముఠాలోని గఫూర్‌ను ఇద్దరు మోసుకొచ్చి సిమెంటు నేల మీద పడుకోబెట్టారు. అతని కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడడం లేదు.

అంబులెన్సు తలుపు మూస్తుండగా జక్రయ్య ఆమె వైపు తిరిగాడు.

"బతుకుతాడంటావా?"

"తెలీదు బాబాయ్," అంది కరీమున్.