లంకమల నీడల్లో మా బావ

గ్రావెల్ బైక్ కొన్నానని తెలిసి మా కాలేజీ స్టాఫ్ రూములో వారం రోజులు నన్ను ఆటపట్టించారు. తారు రోడ్డు మీద పరుగెత్తే సన్నటి సైకిలుకు, కంకరను తట్టుకునే వెడల్పాటి టైర్లు వేస్తే అదే గ్రావెల్ బైక్. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. ఇదంతా ఓపిగ్గా వివరిస్తే మా కెమిస్ట్రీ సారు, “అయితే సైకిలే కదా” అన్నాడు. అవును, సైకిలే. షుగరు వచ్చింది, నడవమని డాక్టరు చెప్పాడు. నడక నాకు పరమ విసుగు. నాకు విసుగు వస్తే ఇంట్లో వాళ్లకు నరకం కాబట్టి నా భార్య కూడా కాదనలేదు.

నా పాత సైకిలును మా బావ తీసుకున్నాడు. బావంటే మా అక్క భర్త. ఇరవై ఏళ్లు లారీ తోలిన మనిషి. నాలుగేళ్ల కిందట లారీ వదిలేసి, కడపలో మా పాప చదివే స్కూలుకే బస్సు డ్రైవరుగా చేరాడు. రాత్రిళ్లు ఇంట్లో పడుకోవాలని ఉందన్నాడు. యాభై దాటిన మనిషికి అది న్యాయమైన కోరికే అనుకున్నాం. రెండేళ్ల తర్వాత మా అక్క అదే బస్సులో ఆయాగా చేరింది. టీచరు ట్రైనింగు చేసినదానివి, నీకిదేం ఖర్మ అని నేను ఎగిరిపడ్డాను. ఇంట్లో ఊరికే కూర్చోలేను అబ్బీ అంది. ఆమె ఒకసారి అనుకుంటే చర్చి పాస్టరుగారు చెప్పినా వినదు.

ఆదివారాలు మాకు చర్చి. అందుకని రెండో శనివారాల్లో బావా నేనూ సైకిళ్లు వేసుకుని పోయేవాళ్లం. నవంబరులో ఒక శనివారం లంకమల అడవికి వెళ్లాం. సైకిళ్లను ఆటో ట్రాలీలో వేసుకుని సిద్ధవటం దాటి, అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర దిగాం. నా దగ్గర అనుమతి కాగితం ఉన్నా అక్కడి వాచరు నమ్మలేదు. ఎర్రచందనం ఉన్న అడవి, వాళ్ల అనుమానం వాళ్లది. నా సంచి బోర్లించాడు. గాలి పంపు, ట్యూబు, నాలుగు శనగవిత్తనాల ఉండలు పడ్డాయి.

“ఈ సైకిలు మింద దుంగ పెట్టుకోని పోవల్లంటే మా బామ్మర్ది దిగి నడసాల,” అన్నాడు బావ. “వాడు నడసడప్పా. దానికే సైకిలు కొన్న్యాడు.”

వాచరు నవ్వి గేటు ఎత్తాడు.

మొదటి నాలుగు కిలోమీటర్లు బోడి గుట్టల మధ్య ఎండలో దారి. ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా వానకు కోసుకుపోయిన గాడులు. అక్కడ బావను పట్టుకోవడం నా వల్ల కాలేదు. బరువైన సైకిలు, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, అయినా మలుపుల్లో బ్రేకు ముట్టకుండా దిగిపోతున్నాడు. లారీ తోలిన చేతులు కదా, రాయిని చూస్తూనే ఎటు తిప్పాలో వాటికి తెలుసు. నేను కంకరలో టైరు జారి, గేరు తప్పి, ఆయాసపడుతూ వెనక ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకు కడుపు మండింది.

తర్వాత దారి కోనలోకి దిగింది. వానలు బాగా పడిన ఏడాది. ఎర్రచందనం, చండ్ర, ఏపి చెట్లు రెండు పక్కలా కమ్ముకుని ఉన్నాయి, వంక దగ్గర వెదురు పొదలు. మా సీమలో ఇంత నీడ దొరకడమే అపురూపం. నాకు ప్రాణం లేచొచ్చింది. బావ మాత్రం వెనకబడ్డాడు. నీడ మొదలయ్యే చోట కాలు కింద పెట్టి నిలబడ్డాడు. మళ్లీ కదిలాడు. మళ్లీ నిలబడ్డాడు.

“ఏం బావా, పెండ్లికూతురు మాదిరి వస్తాండావు?” అని అరిచాను. నాకు అప్పుడు ఎంత సంతోషమో.

తిరిగి చూస్తే ఎడమ కన్ను మూసుకుని తొక్కుతున్నాడు. ఏమైందంటే దుమ్ము పడిందన్నాడు. కాసేపటికి దారికి అడ్డంగా పడిన మోడును నేరుగా పోయి గుద్ది కింద పడ్డాడు. నా తొడంత మోడు అది. మోచెయ్యి గీసుకుపోయింది. నేను విసుక్కున్నాను. కండ్లు యాడ పెట్టుకున్నావంటే నవ్వి, దులుపుకుని లేచాడు.

వంక దగ్గర నీళ్లు పారుతున్నాయి. ఎంత లోతుందో చూద్దామని నేను దిగి, సైకిలును దారికి అడ్డం పెట్టి నిలబడ్డాను. పసుపుపచ్చ చొక్కా నాది, అర మైలు దూరం నుంచి కనపడుతుంది. బావ దిగుడులో వస్తున్నాడు. నిలబడమని చెయ్యి ఊపాను. నా వైపే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ వచ్చి నన్ను గుద్దాడు. ఇద్దరం, రెండు సైకిళ్లు, వంకలో పడ్డాం.

నోటికొచ్చిన తిట్టు తిట్టాను. ఆయన నీళ్లలో కూర్చుని నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. సరిగ్గా నా వైపు కాదు, జానెడు పక్కకు.

“నువ్వు ఈడ ఉండావని తెల్దప్పా,” అన్నాడు.

ఒడ్డున రాతి మీద కూర్చోబెట్టాను. మెల్లగా చెప్పాడు. రేచీకటి. పుట్టుకతో వచ్చేదంట, వయసుతో ముదురుతుందంట. లారీలో ఒక రాత్రి రోడ్డు పక్కన ఆగిన ట్రాక్టరు కనపడక, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాక ఆసుపత్రికి పోయాడు. మందు లేదన్నారు, ఆపరేషను లేదన్నారు. ఎండలో ఎదురుగా ఉన్నది కనపడుతుంది. పక్కలు కనపడవు. ఎండలోంచి నీడలోకి వస్తే అంతా నల్లగా అయిపోతుంది. ఒక కన్ను ముందే మూసి ఉంచుకుంటే, నీడలో తెరిచినప్పుడు కొంచెం నయం.

“మరి బస్సు?” అన్నాను.

ఆయన మోచేతికి అంటిన మట్టి తుడుచుకున్నాడు. “మీ అక్క ఉండాది లేప్పా,” అన్నాడు.

మా పాప ఇంట్లో కుర్చీలు వరసగా వేసి బస్సాట ఆడుతుంది. తను డ్రైవరు. పక్క కుర్చీలో వాళ్ల అమ్మను కూర్చోబెట్టి, నువ్వు అత్తవు, చెప్పాల అంటుంది. ఏం చెప్పాలే అంటే, స్పీడు బ్రేకరుండాది, కుడి పక్క ఆటో వస్తాండాది, ముసలామె దాటుతాండాది అని చెప్పాల అంటుంది. డ్రైవరుకు ఆయా అవన్నీ ఎందుకు చెప్పాలని మేము ఒక్కనాడైనా అనుకోలేదు. పిల్ల ముద్దుగా ఆడుతోందని నవ్వుకున్నాం.

వెనక్కి రావాలంటే ఆ నీడంతా మళ్లీ దాటాలి. ఫోను పనిచెయ్యదు, అటు మనుషుల్లేరు. సైకిళ్లు నడిపించుకుంటూ పోదామంటే ఆయనకు రోషం. సరే, నేను ముందు పోతూ చెప్తాను, నా గొంతు వెంబడి రా అన్నాను. మా అక్క రోజూ చేసే పని నేను చెయ్యబోతున్నానని తెలిసే ఆ మాట అన్నాను. రాయి, కుడి పక్కకు రా. గాడి, నిదానం. కొమ్మ, తల వంచు. అలా రెండు కిలోమీటర్లు బాగానే వచ్చాం. బాగానే ఉంది కదా, ఇట్లా కూడా జరుగుబాటు అవుతుంది కదా అని నాకు ధైర్యం కూడా వచ్చింది. అప్పుడు ఏదో పక్షి ఎగిరితే అటు చూశాను. రెప్పపాటు. వెనక దబ్బుమని చప్పుడు. పిడికిలంత రాయి మీద ముందు టైరు ఎక్కి, బావ ముఖం మీద పడ్డాడు. పెదవి పగిలి రక్తం.

“నువ్వు చెప్పలే,” అన్నాడు. నిష్ఠూరంగా కాదు, ఊరికే అన్నాడు. ఇక్కడ పడింది ఒక్క మనిషి. అక్కడ నలభై మంది పిల్లలు, అందులో మా పాప.

మిగతా దారంతా నడిచే వచ్చాం. ఆయన చెయ్యి నా భుజం మీద, నా రెండు చేతులూ రెండు సైకిళ్ల మీద. బస్సు మానెయ్యమని ఎన్నిసార్లు అనబోయానో. మానేసి ఏం చెయ్యాలని అడిగితే నా దగ్గర ఏముంది? డ్రైవింగు తప్ప ఆయనకు ఏం వచ్చు? చెక్‌పోస్టు దగ్గర వాచరు ఆయన పెదవి చూసి, ఎలుగుబంటా సార్ అని కంగారుపడ్డాడు. బామ్మర్ది అన్నాడు బావ.

మర్నాడు చర్చి అయ్యాక అక్క ఇంటికి వెళ్లాను. ఆమె వంటింట్లో సంగటి గెలుకుతోంది. నా ముఖం చూస్తూనే అర్థం చేసుకుంది.

“రెండేండ్లయింది అబ్బీ, బస్సుకు గీత కూడా పడలే. రైలు బ్రిడ్జి కింద ఒగ చోటే కష్టం. ఆడ నేను లేసి నిలబడతా.”

“ఆడ నువ్వు చూడని ఒగ దినం వస్తే అక్కా?”

తెడ్డు ఆగింది. “వచ్చే మే నెలకు మా బిడ్డ నర్సింగు చదువు అయిపోతాది. ఆరు నెలలు. నీకు దండం పెడతా, ఎవురికీ చెప్పొద్దు.”

నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నాకు దండం పెడతానంటే నేనేం చెయ్యను? చెప్పనన్నాను. సంగటి తిని వచ్చాను.

సోమవారం పొద్దున బస్సు హారను వినపడింది. మా పాప బ్యాగు తగిలించుకుని పరుగెత్తబోతే జబ్బ పట్టుకుని ఆపాను. ఈరోజు స్కూటరు మీద పోదాం అన్నాను. పిల్ల ఎగిరి గంతేసింది. బస్సులో దీనికి వాంతులు అవుతున్నాయంట, ఇక నేనే దింపుతానని నా భార్యతో అబద్ధం చెప్పాను. మంగళవారం, బుధవారం అంతే. స్కూలు గేటు దగ్గర బస్సు ఆగి పిల్లలు దిగుతుంటే, స్కూటరు మీద కూర్చుని ఒక్కొక్కరినీ చూసేవాణ్ని. ఆఖరి పిల్ల దిగాక హమ్మయ్య అనుకుని కాలేజీకి పోయేవాణ్ని. ప్రిన్సిపాలుగారి గది గేటుకు పది అడుగుల్లోనే ఉంటుంది. ఒకరోజు ఆ గది గడప దాకా వెళ్లి, ఫీజు సంగతేదో అడిగి వచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు కూడా నా పాపను నేను దింపుకున్నాను, నోరు మూసుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం బావ మా కాలేజీకి నడిచి వచ్చాడు. గేటు బయట ఎండలో నిలబడి నన్ను పిలిపించాడు.

“పాప బస్సుకు రావడం లేదే?”

“పడ్లేదు బావా. వాంతులు అయితాండాయి.”

“అడివికి పోయొచ్చిన సోమారం నించి.”

నేను తల దించుకున్నాను.

“ఆ పొద్దు అడివిలో నువ్వు ఒగ మాట అనలేదని శానా సంతోసపడినా,” అన్నాడు. “మీ అక్కతో చెప్పినా, మన కష్టం తెలిసినోడని. ఎప్పుడో ఒగనాడు వస్తాడు, ఇంక చాలు బావా, తాళం ఇచ్చేయ్ అంటాడు, అప్పుడు ఇచ్చేస్తాములే అని దినామూ అనుకుంటి. నాకై నాకు ధైర్యం ల్యా. నువ్వు అంటావని చూస్తి. నువ్వు రాలే. నీ బిడ్డను మాత్రం దించుకుంటివి.”

“బావా...”

“పొద్దున ఆ సీటు ఖాళీగా ఉండాదని మీ అక్క చెప్పినప్పుడంతా నాకు స్టీరింగు పట్టుకోబుద్ధి కాలే. ఇందాకనే తాళం ఇచ్చేసి వస్తాండా. నాకైతే కండ్లు కనపడవప్పా. నువ్వు అంతా చూసి, నీ పాపను ఒగదాన్నే దించుకుంటివే.”

తప్పయింది, క్షమించు బావా అన్నాను.

“నన్ను అడిగితే ఏం లాభం?” అన్నాడు. “అడగల్లంటే ఆ పిల్లోళ్లను అడగాల. వాళ్లకు నువ్వు ఎవురో కూడా తెల్దు.”

ఆ మాట అని, రోడ్డు అంచు పట్టుకుని ఇంటి వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.