బ్రేకు మాస్టారి నీలం మాత్రలు

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ను అందరూ బ్రేకు మాస్టారనే పిలిచేవారు. నేర్పే కార్లలో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆయన కాలు దాని మీదే. నోటితో మాత్రం ఎవర్నీ కసిరి ఎరుగరు. గోడను రాసుకుంటూ పోయినవాళ్లతో కూడా "పర్లేదండీ, గోడకేం కాలేదు" అనేవారు. భయమంతా లోపలే దాచుకునేవారు. అది పడుకున్నాక బయటపడేది. కళ్లు మూతపడగానే ఎవరో కారును కాలువలోకి తోలుతున్నట్టుండి కాలు విసిరేవారు.

"నేనేమన్నా బ్రేకునా, అన్నిసార్లు తొక్కుతారు?" అని భార్య దుప్పటి తీసుకుని ముందుగదిలోకి వెళ్లిపోయేది.

నిద్ర బొత్తిగా కరువైపోయిన రోజుల్లో తోడల్లుడు రంగంలోకి దిగాడు. ఏసీలు బాగుచేసేవాడు. అతనికి తెలియని సంగతంటూ లేదు. తెలిసినదేదీ పూర్తిగా తెలియదు. ఇంటర్నెట్లో తెప్పించిన నీలం మాత్రల పొట్లం ఒకటి తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు.

"డాక్టరు చీటీతో పనిలేదన్నయ్యా. ఇవన్నీ ఒకే కుటుంబం మందులు. ఏది వేసుకున్నా నిద్రే."

నిజంగానే నిద్ర పట్టింది. పొద్దున్నే లేచి ఈలవేసుకుంటూ పనికి వెళ్లేవారు. కొన్ని వారాలకు ఒక మాత్ర ఆనడం మానేసింది, రెండు వేసుకున్నారు. పొట్లం అడుగంటుతుండగానే తోడల్లుడు ఇంకోటి తెప్పించాడు. అదే రంగు, పైన అదే పేరు. కానీ ఈసారి పొద్దెక్కినా మత్తు వదిలేది కాదు. వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నారు మాస్టారు.

ఆ రోజు కారు నడుపుతున్నది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. సందులోంచి ఒక లారీ వెనక్కి వస్తోంది. మాస్టారు చూశారు, తొక్కాలనుకున్నారు, కాలు మాత్రం కదల్లేదు. ఆవిడే తన బ్రేకు తొక్కింది. కారు లారీకి జానెడు దూరంలో ఆగింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "మాస్టారూ, మా బళ్లో అయితే మిమ్మల్ని బెంచీ ఎక్కించేదాన్ని" అంది.

మాస్టారు నవ్వారు. ఎంత ముప్పు తప్పిందో తర్వాత తట్టింది. తిన్నగా స్కూలు యజమాని దగ్గరికి వెళ్లి, తాను బాగుపడేదాకా కారులో కూర్చోనని చెప్పేశారు. ఇంటికొచ్చి భార్యకు జరిగిందంతా చెప్పి, మిగిలిన మాత్రల్ని పొట్లాలతో సహా అటక మీద పడేశారు.

మొదటి రోజులు బాగానే గడిచాయి. వారం తిరిగేసరికి చేతులు వణకడం, గుండె దడ, ఒళ్లంతా చెమటలు. వంటింట్లో గరిటె జారిపడితే బాంబు పేలినట్టు ఉలిక్కిపడ్డారు. మందు మానేసి అన్నాళ్లయ్యాక ఇదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

భార్య తోడల్లుడికి ఫోను చేస్తే, అక్కడ కథ ఇంకో రకంగా ఉంది. అతను తన కోసం వేరే పొట్లం తెప్పించుకున్నాడు. ముందురోజు సాయంత్రం ఒక మాత్ర వేసుకుని, తన మీసం తానే గొరుక్కుని, పొద్దున అద్దం చూసుకుని ఈ పని ఎవరు చేశారని ఇల్లంతా నిలదీశాడట. సాయంత్రం నుంచి ఏదీ గుర్తులేదు. ఆవిడ ఇక ఆలోచించలేదు. రెండిళ్లలోని పొట్లాలన్నీ ఏరి సంచీలో వేసుకుని ఇద్దర్నీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ ఎవర్నీ తిట్టలేదు. ముందు మాస్టారి వణుకు తగ్గడానికి మందిచ్చి, మాత్రల్ని పరీక్షకు పంపింది. ఫలితాలు వచ్చాక ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"మీ తోడల్లుడు చెప్పింది సగం నిజమే. ఇవన్నీ ఒకే కుటుంబం. అయితే ఒక ఇంట్లో పుట్టినవాళ్లంతా ఒకేలా ఉంటారా?"

మొదటి పొట్లంలో ఉన్నది ఎటిజోలం. త్వరగా వచ్చి త్వరగా పోయే రకం. త్వరగా అలవాటు కూడా అవుతుంది. రెండో దాంట్లో ఉన్నది ఫ్లూబ్రోమజెపాం. అది ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. అందుకే కాలు బరువెక్కింది, అందుకే మానేశాక గొడవా ఆలస్యంగా మొదలైంది. తోడల్లుడిది క్లోనజోలం. నలుసంత చాలు, పూటకు పూట జ్ఞాపకమే ఉండదు. పైగా ఇలాంటి దొంగ మాత్రల్లో ఒకదానిలో ఉన్నంత మందు పక్కదానిలో ఉండదు. మద్యం తోడైతే ఊపిరే ఆగిపోవచ్చు. ఉన్నట్టుండి మానినా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు.

తోడల్లుడు లేని మీసం తడుముకున్నాడు. "అయితే నేను పోయేవాణ్ణా, వదినా?"

"పోయేవాడివే. మీసంతో సరిపెట్టుకో" అంది ఆవిడ.

డాక్టరమ్మ మోతాదు కచ్చితంగా తెలిసిన మందొకటి రాసి, దాన్ని నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చింది. అంతవరకూ కారు ఊసెత్తవద్దంది. మధ్యలో గడ్డు వారాలు లేకపోలేదు. మాస్టారు చీటికీ మాటికీ విసుక్కునేవారు, తర్వాత తానే సిగ్గుపడి టీ కాచి భార్యకు ఇచ్చేవారు.

యజమాని ఆయనకు రోడ్డు నియమాల క్లాసు అప్పగించాడు. పుస్తకం చదివితే అందరూ ఆవులిస్తున్నారని మాస్టారు గది మధ్య కుర్చీలతో నాలుగు రోడ్ల కూడలి కట్టారు. ఒకర్ని లారీ చేశారు, ఒకర్ని స్కూటరు చేశారు, హెడ్‌మిస్ట్రెస్‌ను ట్రాఫిక్ పోలీసును చేశారు. ఆవిడ విజిలేస్తే యజమాని కూడా ఆగేవాడు. నవ్వులు వీధిలోకి వినపడి, కారు నేర్చుకోనివాళ్లు కూడా కిటికీ దగ్గర చేరేవారు. నోటిదాకా వచ్చి ఆగిపోయే భయాల్ని మాస్టారు అక్కడ పైకి చెప్పడం నేర్చుకున్నారు. "ఇక్కడ నాకు గుండె ఆగుతుందండీ, మెల్లగా రండి" అంటే జనం నిజంగానే మెల్లగా వచ్చేవారు.

మందు పూర్తిగా ఆగి, డాక్టరమ్మ సరేనన్నాక ఆయన మళ్లీ కారెక్కారు. హెడ్‌మిస్ట్రెస్ అప్పటికే లైసెన్సు పుచ్చుకుని, చెల్లెల్ని ఎక్కించుకుని ఊరంతా తిరిగేస్తోంది. తోడల్లుడు కూడా మాత్రల నుంచి బయటపడ్డాడు. నిద్రపట్టడం లేదని ఎవరన్నా అంటే ఇప్పుడు సలహా చెప్పడు, స్కూటరు మీద ఎక్కించుకుని డాక్టరమ్మ దగ్గర దింపుతాడు.

మాస్టారికి ఇప్పటికీ ఒక్కోసారి నిద్ర రానంటుంది. రాకపోతే పోనీ అనుకుంటారు. మర్నాడు కారు వేరేవాళ్లకు ఇచ్చి, తాను కుర్చీల క్లాసు తీసుకుంటారు.