మా మామ, కుడికి పోయే బంతి

మొన్న పొద్దుగాల మా అత్త ఫోన్ చేసి, "మామ లేస్తలేడు బిడ్డా" అన్నది. చనిపోయిండు అనలే. ఆ మాట నోటికి రాకనో, నేనొచ్చి లేపితే లేస్తడని ఇంకా ఆశనో. నిజామాబాద్‌ల స్కూలుకు తయారైతున్నదాన్ని అట్లనే బోధన్ బస్సెక్కిన. దారి పొడుగునా ఫోన్‌ను సంచి అడుక్కు తోసి పెట్టుకున్న, మోగితే ఏం వినాల్సొస్తదో అని. దిగి సందు మలిగేసరికి ఇంటి ముందట కుర్చీలు వేసి ఉన్నయ్. ఇగ ఎవ్వరూ ఏం చెప్పక్కర లేకపోయింది.

ఆయన నాకు మేనమామ. చాన ఏండ్లు దుబాయ్‌ల గోల్ఫ్ మైదానంల గడ్డి కోసే మిషన్ నడిపిండు. ఎప్పుడన్న ఒకరోజు పనోళ్లను గూడ ఆడుకోనిచ్చేటోళ్లట, ఆట గట్ల అబ్బింది. వాపస్ వచ్చేటప్పుడు అందరు కంబళ్లు, టీవీలు మోసుకొస్తే, ఈయన ఒక పాత గోల్ఫ్ కర్ర, సంచెడు బంతులు తెచ్చిండు. ఊరోళ్లు నవ్విండ్రు. ఇంటెనుక చెరుకు పండని రాళ్ల చెలక ఉంటే, అండ్లనే నిలబడి కొట్టేటోడు.

మా మామ ధైర్యవంతుడని రాస్తే అబద్ధమైతది. బస్సెక్కితే ముందుగాల డ్రైవర్ కండ్లు చూసేటోడు, ఎర్రగుంటే దిగిపోయేటోడు. గ్యాస్ బంద్ చేసినమో లేదో అని సగం దారిలకెళ్లి మళ్లొచ్చేటోడు. అయినా కర్ర చేతికొస్తే మనిషి నిమ్మలమయ్యేటోడు. గల్ఫ్ నుంచి వచ్చినంక ముక్తసరిగ మాట్లాడే ఆయన, నాలుగు బంతులు కొట్టొచ్చినంక మాత్రం అత్త పక్కన కూసోని ముచ్చట పెట్టేటోడు.

ఒక్కటే చిక్కు. దూరం కొట్టే పొడుగు కర్రను ఆ ఆటల డ్రైవర్ అంటరు. మామ తెచ్చుకున్నది అదే. దానితోని కొడితే బంతి తిన్నగ లేచి, గాలిల కుడికి వంగిపోయేది. దాన్ని స్లైస్ అంటరని ఆయనే చెప్పిండు. కుడి పక్క చెరుకు తోట. పోయిన బంతి పోయినట్టే అనుకునేటోళ్లం.

ఒక చలికాలం పొద్దున నేను అక్కడే ఉన్న. మహారాష్ట్ర నుంచి చెరుకు నరికే కూలోళ్లు తెల్లారకముందే వచ్చి తోట అవతలి పక్క దిగిన సంగతి మాకు తెల్వదు. మామ కొట్టిండు. బంతి వంగి చెరుకు మీదికెళ్లి దాటిపోయింది. ఆ వెంటనే పసిపిల్ల ఏడుపు.

మామ నన్ను తోసుకుంట ఉరికిండు. ఆకులు మొఖానికి కోసుకుపోతుంటే నేనూ ఎనుక పోయిన. తోట అంచున గుంజలు పాతి, పాత చీరతోని ఉయ్యాల కట్టి ఉన్నది. బంతి గుంజకు తగిలి కింద పడి ఉన్నది. తల్లి కొడవలి ఇసిరేసి వచ్చి బిడ్డనెత్తుకొని మమ్ముల మరాఠీల తిట్టవట్టింది. మామ మోకాళ్ల మీద కూలబడి, బిడ్డ తల, చెవులు, ఒక్కొక్క వేలు తడిమి చూసిండు. దెబ్బ తగలలే, ఉలిక్కిపడి ఏడ్చిందంతే. మామ ఇడువకుంట మళ్ల మళ్ల తడుముతుంటే చూసి, చివరికి ఆ తల్లే తిట్టుడు ఆపి ఆయనకు చెంబుతోని నీళ్లిచ్చింది.

ఆ దినమే కర్రను అటక మీద పడేసిండు. తిండి తగ్గింది, మాట బందైంది. కొన్నొద్దులకు అత్త మా ఇంటికొచ్చి, ఇంట్ల మనిషున్నట్టే లేదు, నువ్వు స్కూల్ల ఆటలు నేర్పుతవు గదా, ఏదన్న చెయ్యుమని అడిగింది. నేను నేర్పేది కబడ్డీ, ఖోఖో. ఆడమని చెప్తే ఈసారి నిజంగనే ఎవరికన్న తగిలితే? ఆ భయంతోనే పోయి, మళ్ల ఆడుతవా మామా అని అడిగిన.

మామ అప్పటికే ఆలోచించి పెట్టుకున్నడు. "ముందుగాల నేను నిలవడే దిక్కు మారాలె. కర్ర సంగతి తర్వాత" అన్నడు. చెలక రెండో కొస నుంచి కొడితే కుడి పక్క బోడగుట్ట, మనుషులు రారు. వేరే కర్ర కోసం ఇద్దరం సికింద్రాబాద్ పోయినం. బస్సు ఇందల్వాయి దాటినంక ఆయన నోరు విప్పిండు. తన కర్రకు బంతిని తాకే మొఖం మరీ నిటారుగ ఉన్నదని, కొంచెం ఎనుకకు వాలినదైతే బంతి పైకి లేస్తది, పక్కకు వంగుడు తగ్గుతదని చెప్పిండు.

పాత ఆటసామాన్ల దుకాణంల సేటు మెరిసే కర్రలు ముందట పెట్టిండు. మామ వాటిని ముట్టలే. మూలకున్న పాత కర్రలల్ల ఒక్కొక్క దాని తలను చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసిండు. లోపల గలగలమంటే పక్కన పెట్టిండు. మొఖం మీద గోరుతోని రాసి పగుళ్లు ఎతికిండు. చివరికి రంగు గీకుకపోయిన ఒకటి తీసిండు. వాలు ఎక్కువ, కాడ మెత్తన, తల బరువు కాడ దిక్కు ఉన్నది. కొట్టేటప్పుడు మొఖం కుడికి తెరుచుకోకుంట మూసుకోవడానికి సాయం చేస్తదట. చేతిపట్టు అరిగిపోయింది గానీ, అది మార్చుకోవచ్చు అన్నడు. దీనితోని బంతి తిన్నగ పోతదా అని నేను సేటును అడిగిన. సేటు పోతదన్నడు. మామ తల అడ్డంగ ఊపి, "కొంచెం తగ్గిస్తది. కడమది నా చేతులల్లనే ఉన్నది బిడ్డా. భయపడ్డ చెయ్యి కర్రను గట్టిగ పట్టుకుంటది, గట్టిగ పట్టుకుంటే బంతి కుడికే పోతది" అన్నడు.

మొదటి బంతి కొట్టే దినం నన్ను గుట్ట చుట్టూ తిరిగొచ్చి, ఎవ్వరూ లేరని చెప్పమన్నడు. చెప్పిన. మళ్ల పంపిండు. కర్ర ఎత్తిండు, దించిండు. మెడ మీద చెమట. ఆఖరికి కొట్టిండు. బంతి ఎత్తుగ లేచి, కొద్దిగ కుడికి ఒరిగి, మా చెలకలనే పడ్డది.

"తగ్గింది. పోలే" అని ఆడనే రాయి మీద కూసోని కండ్లు తుడుచుకున్నడు.

ఆ తర్వాత గూడ ఆయన భయం పోలే. కొట్టే ప్రతిసారి ముందు గుట్ట దిక్కు గట్టిగ కేకేసి, జవాబు రాకపోతేనే కర్ర ఎత్తేటోడు. కానీ భయపడుకుంటనే ఆడిండు. చచ్చిపోయే ముందటి దినం గూడ ఆడిండని అత్త చెప్పింది. నాకు ఆయన నేర్పింది గోల్ఫ్ కాదు. భయం ఉన్న మనిషి గూడ నలుగురిని కాపాడుకుంట తన సంతోషం తాను చూసుకోవచ్చని నేర్పిండు. అందుకు ఆయనకు రుణపడి ఉన్న.

మూడోనాడు పొద్దున చెలకలకు పోయిన. అకాల వాన పడి ఎలిసింది. ఆయన నిలవడే తావుల రెండు పాదాలంత మేర గడ్డి మొలవక నేల అణిగి ఉన్నది. ఆ రెండు గుంటలల్ల నీళ్లు నిలిచినయ్. తొక్కుతనేమోనని జడిసి పక్క నుంచి నడిచిన. ఎడమ పాదం గుంట కాడ ఒక పిట్ట నీళ్లు తాగుతున్నది. నేను దగ్గరికొచ్చినా లేవలే.