బిస్కట్టు గాడిద

ఆడపిల్ల పెళ్ళి సంబంధాన్ని బిస్కట్లతో చెడగొట్టినవాళ్ళని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. వెంట్రుకవాసిలో గట్టెక్కింది గానీ, నా ప్రయత్నంలో మాత్రం లోపం లేదు.

అరవైల చివరి మాట. విజయనగరంలో కాలేజీ చదువు వెలగబెట్టి, ఆమదాలవలస దగ్గర పల్లెలో కోడలిగా అడుగుపెట్టి ఏడాది కూడా కాలేదు. కాలేజీలో నాకు చదువు కన్నా కోతలు బాగా వంటబట్టాయి. అలాంటి రోజుల్లో మా ఆడపడుచు సత్యవతిని చూసుకోడానికి బొబ్బిలి నుంచి పెళ్ళివారు వస్తున్నారని కబురొచ్చింది. సత్యవతి ఆ అబ్బాయిని ఎవరి పెళ్ళిలోనో చూసి అప్పటికే మనసు పారేసుకుంది. నా కొంగు పట్టుకుని, "వదినా, ఈ సంబంధం తప్పిపోతే నాను మరి పెళ్ళే సేసుకోను. ఏటైనా సెయ్యి" అని ఏడుపు మొహం పెట్టింది.

ఏదైనా చెయ్యమంటే నేను ఊరుకుంటానా? అత్తగారి దగ్గరికెళ్ళి, "సున్నుండలు ఎవరైనా చేస్తారత్తయ్యా. పొయ్యి వెలిగించకుండా బిస్కట్లతో జంతువుల బొమ్మలు చేస్తాను. ఇంగ్లీషు పత్రికలో చూశాను" అన్నాను.

"బిస్కట్లా? ఆళ్ళకేటి, జొరమొచ్చిందా?" అంది అత్తగారు. ఆ రోజుల్లో మా పల్లెలో బిస్కట్టంటే జ్వరం పథ్యమే మరి.

"మీకు తెలీదు, ఊరుకోండత్తయ్యా. ఇది కొత్త ఫ్యాషను."

"ఫేషనో పాడో. ఒకటి మాత్రం ఇనుకో. మిఠాయి ముట్టకుండా లేసిపోయారంటే సంబంధం ఒద్దన్నట్టే లెక్క. తరవాత నీ ఇష్టం" అని ఆవిడ మినుములు తీసి లోపల పెట్టేసింది. అంటే సున్నుండలు లేవన్నమాట. నా బొమ్మలే గతి.

మా ఆయన చేత శ్రీకాకుళం బజారు నుంచి బిస్కట్లు, పిప్పరమెంట్లు, జీళ్ళు, డబ్బాపాలు తెప్పించాను. బిస్కట్లు రోట్లో దంచి, డబ్బాపాలూ వెన్నా పోసి ముద్ద చేసి, బొమ్మలు మొదలెట్టాను. తాబేలు డిప్పకి రంగుల సోంపు మిఠాయి అద్దాను. ఏనుగు తొండానికి జీడి సాగదీసి అతికించాను. ఆవుకి గులాబీరంగు పిప్పరమెంట్లతో పొదుగు పెట్టాను. పళ్ళెంలో ఏనుగు పక్కన కాస్త ఖాళీ ఉంటే బోసిగా ఉందని ఓ ఎలకని కూర్చోబెట్టాను. గుర్రం మాత్రం మెడ కుంగిపోయి, జీడిపప్పు చెవులు పెద్దవైపోయి, అచ్చం గాడిదై కూర్చుంది. దాన్ని వంటింట్లో గిన్నె కింద దాచేశాను.

పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికొడుకు, వాళ్ళ నాన్న, వాళ్ళ మామ్మ. సత్యవతి తల వంచుకుని చాప మీద కూర్చుంది. నేను పళ్ళెం పట్టుకుని, ప్రదర్శనలో బహుమతి కొట్టినదానిలా నడిచి వచ్చి వాళ్ళ ముందు పెట్టాను.

మామ్మగారు తాబేలుని చూసింది. గబుక్కున లేచి నిలబడి, రెండు చేతులూ జోడించింది. "కూర్మనాథా! మొక్కు తీర్సలేదని ఇక్కడికే వచ్చీసినావా, తండ్రీ!"

"మామ్మగారూ, అది బిస్కట్టండీ!" అన్నాను.

"సాల్లే అమ్మా, లెంపలేసుకో."

ఏం చేస్తాను, వేసుకున్నాను. పెళ్ళికొడుకు తండ్రి ఆవుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పొద్దున్నే దణ్ణవెట్టుకునే ఆవుని కొరికీమంటావేటమ్మా?" అన్నాడు.

"పోనీ ఏనుగు తీసుకోండి బాబాయిగారూ."

"ఏనుగెక్కడిది? పక్కన ఎలకుంటే ఇనాయకుడు కాడా?"

బోసిగా ఉందని ఎలకని పెట్టిన నా చెయ్యి విరిగిపోనూ! లోపల మొత్తుకుంటూనే బుర్ర వాడాననుకుని, "కొరకడానికి ఇబ్బందైతే ముక్కలు కోసి ఇస్తానండీ" అంటూ చాకు తెచ్చాను. తేవడమే కాదు, ఆవు మెడ మీద ఆనించాను కూడా.

"ఓలమ్మో! నా కళ్ళ ముందే ఆవుని కోసీస్తంది!" అని మామ్మగారు కేక పెట్టింది. తలుపు వెనకనుంచి మా అత్తగారు, "ఓసి నీ దుంప తెగా, చాకక్కడ పడీవే!" అంది. నేను చాకు పడేశాను. అది వెళ్ళి పెళ్ళికొడుకు కాలి దగ్గర పడింది. పాపం ఆయన కాళ్ళు రెండూ పైకెత్తి కుర్చీలో ముడుచుకున్నాడు.

పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మరి రైలు టైమవుతాది. ఎల్లొస్తాం" అన్నాడు. మిఠాయి ఎవరూ ముట్టలేదు. సత్యవతి వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

ఇంతలో ఆ సత్యవతి, వంచిన తల ఎత్తని సత్యవతి, చటుక్కున లేచింది. వంటింట్లోకెళ్ళి గిన్నె ఎత్తి, సాసర్లో గాడిదని పెట్టుకొచ్చి, తిన్నగా పెళ్ళికొడుకు ముందు నిలబడింది.

"ఇది గాడిదండి. ఏ దేవుడూ కాదు. తినండి."

ఆయన గాడిదని చూశాడు, సత్యవతిని చూశాడు, నెమ్మదిగా కాళ్ళు కిందకి దింపాడు. చెవి దగ్గర్నుంచి మొదలెట్టి తోకదాకా నమిలి మింగేశాడు.

"నోరు తీపి సేసుకున్నాడు! ఇంకేటుంది, ఖాయం సేసీండి" అంది మామ్మగారు. సత్యవతి లోపలికి పారిపోయింది. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెళ్ళికొడుకు మూతి తుడుచుకుని, "బాగుంది. ఇంకో గాడిద ఉందాండీ?" అని అడిగాడు.

అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "ఉన్నాది నాయినా. అదిగో, పళ్ళెం పట్టుకుని నిలబడున్నాది" అంది.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, కాళ్ళూ తోకా ఉన్నవేవీ జన్మలో చెయ్యనని. మాట మీద నిలబడ్డాను కూడా. సత్యవతి సారెలోకి అదే బిస్కట్టు పొడిని నల్లబెల్లంతో ముద్ద చేసి, నున్నటి గుండ్రటి ఉండలు కట్టి పంపాను. వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు కదా అని హాయిగా నిద్రపోయాను.

వారం తిరక్కుండా సత్యవతి ఉత్తరం రాసింది: "వదినా, నువ్వు పంపిన సాలగ్రామాలకి మామ్మగారు రోజూ పాలతో అభిషేకం చేస్తున్నారు. కరిగిపోతున్నాయని ఒకటే బెంగ. ఇంకొన్ని పంపు."

అందుకే సర్వజనుల సాక్షిగా కొత్త ఒట్టు పెట్టుకున్నాను. మా ఇంటికి ఎవరొచ్చినా ఉప్మాయే. అది కూడా గరిటెతో బాగా చెదరగొట్టి, ఏ ఆకారమూ లేదని రెండువైపులనుంచీ చూసుకున్నాకే వడ్డిస్తాను.