పాలకేంద్రం దగ్గర టీకా వాదం

2017. బంగారుపాళ్యం పక్కన ఒక పల్లెలో నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లోనే ఎం.ఆర్. టీకా వేయమని ఆదేశం వచ్చింది. తట్టు, రుబెల్లా అనే రెండు జబ్బులకు కలిపి ఒకే సూది అది.

ఆ ఊరి బడిలో మూడో తరగతి చదివే కీర్తనకు బ్లడ్ క్యాన్సర్. వేలూరులో వైద్యం జరుగుతోంది. అలాంటి పిల్లలకు ఈ టీకా వేయకూడదు. మేము కాంట్రా ఇండికేషన్ అంటాం: మందు మంచిదే, ఆ ఒంటికి మాత్రం పనికిరాదు. కానీ తట్టు సోకిందంటే ఆ పిల్ల ప్రాణానికే ముప్పు, అందుకే బడికి పంపడం లేదు. తల్లి జ్యోతి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోతుంది.

"బడికి పోతానని దినామూ ఏడస్తాది సిస్టరమ్మా," అందామె. "తక్కిన పిల్లోళ్లంతా సూది ఏయించుకుంటే పంపొచ్చునని డాక్టర్లు సెప్పినారు. ఏయించుకుంటారా?"

సరిగ్గా అప్పుడే బడి కమిటీ చైర్మన్ మునిరత్నం అడ్డం తిరిగాడు. ఈ సూది వేస్తే ఆడపిల్లలకు రేపు సంతానం కలగదని ఫోనుకు వీడియో వచ్చిందట. తన కూతురికి మినహాయింపు కావాలన్నాడు. ఆయన్ను చూసి సగం ఊరు అదే పాట.

తల్లిదండ్రులు కాదంటే సూది వేసే అధికారం నాకు లేదు. ఉండకూడదు కూడా. అయితే నోరుంది కదా! పొద్దున్నే ఊరంతా పాలు పోయడానికి చేరే పాలకేంద్రానికి నేరుగా వెళ్లాను.

"నా బిడ్డ, నా ఇష్టం. మీకేం నొప్పి సిస్టరమ్మా?" అన్నాడు మునిరత్నం నన్ను చూడగానే.

"ఇష్టం నీదేనన్నా. కారణం చెప్పు. ఆ వీడియోలో మాట్లాడినాయన ఎవరు? యాడుంటాడు?"

"ఎవురైతే ఏమి? కోటు ఏసుకోని ఇంగ్లీషులో సెప్పినాడు."

"కోటేసుకుంటే నిజమైపోతుందా? అయితే రేపు నేనూ కోటేసుకొనొస్తా!"

జనం నవ్వారు. పాలక్యాను దించుతున్న గంగులమ్మ అనే ముసలామె అందుకుంది. "ఏమప్పా, గాలికుంటు సూది ఏయించలేదని మొన్న మా కొడుకు మింద వీరంగం ఆడితివే! వాడి ఆవు పుండ్లు నీ ఆవులకు అంటుకుంటాయని ఊరంతా యినపడేట్టు అరిస్తివే! ఆపొద్దు వాడి ఆవు వాడిష్టం గాలేదా?"

పాలకేంద్రం గొల్లున నవ్వింది. మునిరత్నం ముఖం ఎర్రబడింది. "పశువు యేరే, బిడ్డ యేరే!"

"అవునన్నా, యేరే," అంది వెనక నుంచి జ్యోతి. "ఆవు సస్తే సంతలో ఇంకోటి తెచ్చుకుంటావు."

ఒక్కరూ నవ్వలేదు. మునిరత్నం ఆమెకేసి చూడలేక నా వైపు తిరిగాడు. "సిస్టరమ్మా, నిజం సెప్పండి. మా పాపకేమీ కాదా?"

నిజమే చెప్పాను. కొందరికి జ్వరం రావచ్చు, చెయ్యి నొప్పి పుట్టవచ్చు. ఎప్పుడో అరుదుగా ఒకరికి ఒళ్లు మందుకు ఎదురు తిరుగుతుంది, అందుకే సూది వేశాక అరగంట కూర్చోబెట్టి కనిపెట్టుకుని ఉంటాం. సంతానం పోతుందన్నది మాత్రం పచ్చి అబద్ధం. గర్భంతో ఉన్నప్పుడు రుబెల్లా సోకితే కడుపులో బిడ్డ గుండె, కళ్లు, చెవులు దెబ్బతింటాయి. రేపు నీ కూతురి బిడ్డను కాపాడేది ఈ సూదే అన్నాను.

టీకా రోజున వరసలో మొదట నిలబడింది మునిరత్నం కూతురే. అరగంట తర్వాత ఆ పిల్ల గంతులేస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది! తక్కిన పిల్లలూ కదిలారు. ఒక్క తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. మునిరత్నం అతని మీదికి లేచాడు.

"పట్టుకోని ఏసేయండి సిస్టరమ్మా! పశువులకైతే అట్నే ఏస్తారు గదా!"

"పశువుకు నచ్చజెప్పలేం గాబట్టి పట్టుకుంటారు. ఈయన మనిషన్నా," అన్నాను. ఆ సాయంత్రం ఆ తండ్రి ఇంటికి వెళ్లి గడపలో కూర్చున్నాను. మరుసటి రోజూ వెళ్లాను. ఆయన అడిగిందే అడిగాడు, నేను చెప్పిందే చెప్పాను. చివరికి తనే కొడుకును మా ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకొచ్చాడు.

ఇష్టాన్ని గౌరవించడమంటే నోరు మూసుకుని ఇంటికి పోవడం కాదని ఆ ఊరు నాకు నేర్పింది. అవతలివాడికి బుద్ధి ఉందని నమ్మినప్పుడే ఎవరైనా వాదిస్తారు. ఆ నమ్మకం లేనివాళ్లే బలవంతం చేస్తారు, లేదా పోనీలే అని వదిలేస్తారు. దాని ఫలితం మాత్రం కీర్తన లాంటి పిల్లలు మోయాలి.

కొన్ని వారాల తర్వాత డాక్టర్లు సరేనన్నారు. జుట్టింకా రాని తలకు రుమాలు కట్టుకుని కీర్తన తరగతిలోకి వెళ్లింది. ముందు బెంచీ పిల్లలు పక్కకు జరిగి చోటిచ్చారు.